ఒకే పోలిక గల ఇద్దరు ముద్దాయిలు

నాంపల్లి, హైదరాబాదు
12 జులై 1953

పెద్దవదినకు,

నమస్కారాలూ కుశలప్రశ్నలూ ఈసారి వాయిదా వేస్తున్నాను. ముందు పోట్లాట ఉన్నది.

నిన్న మీ చెల్లెలిని స్టేషను వెనక సందులో ఉన్న దవాఖానకు తీసుకుపోయినాము. అన్నయ్య ప్రహ్లాద్‌కు ఆబిడ్స్ గడియారాల దుకాణంలో సెలవు దొరకలేదు కనుక అమ్మా నేనూ వెంట వెళ్ళినాము. నాలుగు నెలలుగా సౌభాగ్య వదినకు నెలసరి లేదు, కడుపు పెరుగుతున్నది. మా అమ్మ కిష్టవ్వ ఈ రెండింటినీ జతచేసి, పెండ్లయిన నాలుగేండ్లకు దేవుడు కన్ను తెరిచినాడని తీర్పు చెప్పుకొని కూర్చున్నది. డాక్టరు వసుమతి గారు చేయి వేసి చూసి, "గర్భం గాదమ్మా" అన్నారు. కడుపులో నీరు చేరింది. ఎడమవైపు అండాశయం దగ్గర గట్టి గడ్డ చేతికి తగులుతున్నది.

ఆమె అనుమానం కాన్సరు. అండాశయపు కాన్సరు. ఇటువంటి పోలికతోనే క్షయ కూడా ఊపిరితిత్తులను విడిచి కటిభాగంలో, అంటే పొత్తికడుపు అడుగున, స్థిరపడుతుందట. కాన్సరైతే రెండు అండాశయాలూ గర్భసంచీ తీసివేయాలి, అదీ ఆలస్యం లేకుండా. క్షయ అయితే కత్తి పెట్టి తీసివేయడమే తప్పు. సూదిమందుకు, మాత్రలకు లొంగుతుంది. కనుక ఆమె వదినను అడిగినారు: "మీ ఇంట్ల ఎవరికన్న క్షయ ఉండెనా?"

వదిన నోరు తెరిచేలోగా నేనే జవాబు చెప్పినాను. "లేదు. పెండ్లి మాటలప్పుడే విచారించినము, వాళ్ళ నాయన పెద్దమనుషుల ముందు ప్రమాణం చేసినాడు." అమ్మ తల ఊపింది. వదిన నేలవైపు చూసింది. ఆమెది నీరసమనుకున్నాను.

డాక్టరు గారు కాగితం మీద ఏదో కొట్టివేసినారు. నెలాఖరులో శస్త్రచికిత్స అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో వదిన నా చేయి పట్టుకున్నది.

"అన్ని తీసేస్తే నేనేమైతనే నర్మదా?"

"ఏం గావు. నువ్వు నువ్వే ఉంటవు."

"నీకేంది, నీవు మాటల మీద బతుకుతవు."

పోయిన వారమే మా కాలేజీలో 'స్త్రీకి న్యాయశాస్త్రము కంటె పాకశాస్త్రమే శ్రేయస్కరము' అన్న తీర్మానాన్ని ముక్కలు చేసి వచ్చినదాన్ని నేను. ఈ ఒక్క వాక్యానికి మాత్రం రిక్షావాడికి దారి చెప్పడం మొదలుపెట్టినాను. ఇరవై ఐదేండ్ల మనిషి దేహంలోనుండి ఇంత భాగాన్ని అనుమానం మీద తీసివేయడాన్ని నేను ఒప్పుకోను. డాక్టరుతో వాదిస్తాను. మీరు నా పక్షాన నిలబడతారా, లేదా?

మీ మరదలు,
నర్మద


హనుమకొండ
17 జులై 1953

నర్మదకు,

నీ జాబు చదివినాను. ఏడ్చినాను. తరువాత నీ మీద కోపం వచ్చింది. దానితో ఏడుపు ఆగింది. ఆ మేలుకు కృతజ్ఞురాలిని.

మరదలా, దవాఖాన నీ కాలేజీ వేదిక కాదు. అక్కడ గంట కొట్టి మార్కులు వేసేవారు లేరు. ఆ డాక్టరమ్మ ఎన్ని కడుపులు తెరిచి చూసి ఉంటుంది, నీవు ఎన్ని చూసినావు? తీయవలసినవి తీయనీ. నా చెల్లెలు నాకు ప్రాణాలతో కావాలి. పిల్లలు లేని ఆడది బతకదా? నేను బతకడం లేదా? ముప్పైమూడేండ్లు వచ్చినవి, పెండ్లీ లేదు, పిల్లలూ లేరు. బడిలో నూటపది మంది ఆడపిల్లలకు లెక్కలు చెప్పి, ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోతున్నాను.

దాన్ని రాత్రిపూట ఒంటరిగా పడుకోనీయకు. చిన్ననాటి నుండీ పక్కన మనిషి లేనిదే దానికి నిద్ర పట్టదు. అమ్మ ఉన్నన్నాళ్ళు అమ్మ కొంగు పట్టుకొని పడుకునేది. అమ్మ దగ్గు వినబడితేనే దానికి ధైర్యం, వినబడకపోతే లేచి కూర్చునేది. ఇప్పుడు నీవు పక్కన పడుకో. కావాలంటే నిద్రలో కూడా వాదించు, దానికి మనిషి ఉన్నట్టు తెలుస్తుంది.

మా ఇంటి సంగతులు మీకు పెండ్లినాడే చెప్పినాము. వాటిని మళ్ళీ తవ్వవలసిన పని లేదు.

ప్రభావతి


నాంపల్లి
21 జులై 1953

పెద్దవదినకు,

మీరు వద్దన్నందుకే వాదించి వచ్చినాను. పదకొండు అంశాలు నోటుపుస్తకంలో రాసుకొని, ఒంటరిగా వెళ్ళి డాక్టరు గారి ఎదుట కూర్చున్నాను. ఆమె చేతిలో పెన్ను కింద పెట్టి, "షురూ చెయ్యి" అన్నారు.

"సాయంత్రం సాయంత్రం సన్నజ్వరం వస్తున్నది. అది క్షయ లక్షణం."

"కాన్సరుకు జ్వరం రాదని ఎవరు చెప్పిన్రు నీకు?"

"మనిషి చిక్కిపోయింది."

"రెండిట్ల చిక్కిపోతరు."

"కడుపులో నీరు."

"అది గూడ రెండిట్ల వస్తది. సూది పెట్టి తీసినం గద, పచ్చగ తేటగ ఉన్నది, అందుల కాన్సరు కణాలు కనబడలె. కనబడలేదంటే లేవని కాదు. ఆ నీళ్ళు గినీపందికి ఎక్కించి చూస్తున్నం, క్షయ ఉంటే దానికి అంటుతది. అది తేలేటందుకు ఆరు వారాలు. కాన్సరు ఆరు వారాలు ఆగదు."

"వయస్సు ఇరవై ఐదు."

"గిది నీకు ఒక మార్కు. నెలసరి ఆగింది చూడు, అది గూడ క్షయ దిక్కే జర మొగ్గుతది, సగం మార్కు. కాని పోయినేడు ఇరవై రెండేండ్ల పిల్లకు కాన్సరు చూసిన నేను."

"ఛాతీ ఎక్స్‌రే తేటగా ఉన్నది," అని నేనే నా పక్షాన్ని పొడుచుకున్నాను.

"అందుకు భయపడకు. కటిల క్షయ ఉన్నోళ్ళల్ల సగం మందికి ఛాతి తేటగనే ఉంటది."

పదకొండూ అయిపోయినవి. ఇద్దరు ముద్దాయిలు ఒకే అంగీ తొడుక్కొని, ఒకే నడక నడుస్తూ నిలబడితే ఎవరిని చూపించాలి? ఆమె నన్ను ఎగతాళి చేయలేదు. "ఇంతసేపు నాతోని కొట్లాడినోళ్ళు లేరు, మంచిగనే చదివినవు," అన్నారు. "కాని నీ వాదనల సాక్షి లేడు. కడుపు తెరిస్తే లోపలంత తెల్లగింజలు చల్లినట్టు కనబడొచ్చు. క్షయల గట్లనే ఉంటది, పాకిన కాన్సరుల గట్లనే ఉంటది. కన్ను మోసపోతది. ముక్క కోసి పరీక్షకు పంపి, మళ్ళ తెరవొచ్చు. కాని రెండుసార్లు తెరిస్తే తట్టుకునే బలం ఆమెకు లేదు. క్షయ అనేటందుకు గట్టి ఆధారం ఒక్కటుంటే ఆగుత. లేకుంటే అన్ని తీసేస్త."

ముప్పై ఒకటవ తేదీ నిశ్చయమైంది.

ఇంటికి వచ్చి మీ జాబు మళ్ళీ చదివినాను. ఇప్పుడు సాక్షిని ప్రశ్నిస్తున్నాను, కోపగించుకోకండి. మీ అమ్మగారు పురిటి జ్వరంతో పోయినారని పెండ్లి మాటల్లో చెప్పినారు. పురిటి జ్వరం వారం పది రోజుల జబ్బు. దగ్గు విననిదే నిద్రపట్టని అలవాటు వారం రోజుల్లో ఏ పిల్లకూ పడదు. పెద్దవదినా, ఆ దగ్గు ఎన్నాళ్ళున్నది?

వదినను అడగలేదు. అడిగితే చెప్పేది. అందుకే అడగలేదు, చెప్పవలసిన భారం ఆమె మీద మోపడం ఇష్టం లేకపోయింది. మీ మీద మోపుతున్నాను.

నర్మద


హనుమకొండ
24 జులై 1953

నర్మదా,

రెండేండ్లు.

దగ్గుతో మొదలై నెత్తురు దాకా వచ్చింది. అమ్మ పోయేనాటికి సౌభాగ్యకు ఎనిమిదేండ్లు, నాకు పదహారు. మా ఊళ్ళో అందరికీ తెలుసు. నన్ను చూడటానికి మూడుసార్లు వచ్చినారు. ముగ్గురూ వాకిట్లో కాళ్ళు కడుక్కొని, లోపల ఫలహారం తిని, పక్కింటివాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయినారు. నాలుగోసారి ఎవరూ రాలేదు. చెల్లెలి వంతు వచ్చేనాటికి నాయన ఊరు మార్చినాడు, ఇంట్లో అమ్మ పోయిన కారణాన్ని కూడా మార్చినాడు. మీ అమ్మగారు అడిగిననాడు ఆయన చేసిన ప్రమాణాన్ని తలుపు వెనకనుండి విన్నాను. మా నాయన జీవితంలో ఆడిన అబద్ధం అదొక్కటే. దాన్ని బాగా ఆడినాడు.

నా జాబులో తీసేయమన్నాను చూడు. అబద్ధాన్ని కాపాడటానికి చెల్లెలి కడుపు పణంగా పెట్టిందాన్ని. లెక్కల పంతులమ్మనే, ఈ కూడిక ఇంతవరకు వేయలేదు.

డాక్టరుకు చెప్పు. ఈ జాబు చూపించు. ఒక్కటి బతిమాలుతున్నాను: మీ అమ్మకు చెప్పకు. మోసపోయినామని ఆమె అంటే, సౌభాగ్య రోగంతో కాదు, ఆ మాటతో పోతుంది.

ప్రభావతి


నాంపల్లి
2 ఆగస్టు 1953

పెద్దవదినకు,

మీకు ఇచ్చిన మాట తప్పినాను. అసలు నేను మాట ఇవ్వలేదు, మీరు అడిగినారంతే. అయినా ఆ సాకుతో తప్పించుకోను. జరిగింది చెపుతాను, తీర్పు మీది.

డాక్టరు గారు మీ జాబు రెండుసార్లు చదివినారు. "సాక్షి దొరికిండు," అన్నారు. నేను గెలిచినాననుకొని లేవబోయినాను. "కూసో. సాక్షి దొరికిండు, తీర్పు రాలె. క్షయ ఉన్న ఇంట్ల కాన్సరు రావొద్దని ఎక్కడ లేదు. కాని ఇప్పుడు నా చెయ్యి ఆగేటందుకు కారణం ఉన్నది. చిన్నగ తెరుస్త, ముక్క తీస్త, మూసేస్త. పరీక్షల తేలినంక తతిమ్మది." తరువాత ఆమె పెట్టిన షరతే నన్ను ఇరికించింది. క్షయ అని తేలితే ఏడాదికి పైగా ఇంట్లోనే మందు సాగాలి, ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకోవాలి. "అత్తకు తెలువకుండ గిదంత ఎట్ల నడుస్తది? నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

వంటింట్లో అమ్మ బీరకాయ చెక్కుతున్నది. ఎదుట కూర్చొని చెప్పినాను. పీఠిక లేదు, ఉపసంహారం లేదు. ఇంత నాసిరకంగా నేను ఎన్నడూ మాట్లాడలేదు. అమ్మ చెక్కుతూనే ఉన్నది. కాయ సన్నబడి సన్నబడి వేలంత అయింది.

"ప్రమాణం జేసిండు గద," అన్నది చివరకు.

"చేసినాడు."

"మంచి మనిషి. నా లెక్క చేతులు వణకలే ఆయనకు."

"నీ లెక్క ఏందమ్మా?"

"నేను గూడ జేసిన గద ప్రమాణం. మీ సదాశివ చిన్నాయన రెండేండ్లు ఎక్కడున్నడనుకున్నవు?"

"కాశీల."

"కాశీ లేదు, ఏం లేదు. వికారాబాదు కొండల మీద క్షయ దవాఖానల ఉండె. ఆ సంగతి తెలిస్తే మనకు పిల్లనెవరిస్తరు? అందుకే కాశీ అని చెప్పినం."

"ఆయన తెచ్చిన గంగనీళ్ళు?"

"గా దవాఖాన బావివే. మంచి నీళ్ళు, ఏమైంది?"

పెద్దవదినా, ఆ నీళ్ళను నేను పరీక్షలకు పోయే ముందు కండ్లకద్దుకొని నెత్తిన చల్లుకున్నాను. సత్యనిష్ఠ మీద కాలేజీలో బహుమతి కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ బహుమతిలో సగం వికారాబాదు బావికి చెందుతుంది.

అమ్మ కత్తిపీట పక్కకు నెట్టి, వదిన పడుకున్న గదిలోకి పోయింది. నేను గడప దగ్గర నిలబడి విన్నాను. "ఏందే, నాకు చెప్పొద్దా? మీ అమ్మ దగ్గింది, మా మరిది దగ్గిండు. ఇద్దరం దొంగలమే. లే, లేచి జర జావ తాగు." వదిన ఏడ్చింది, తాగింది. చిన్నాయన సంగతి డాక్టరు గారికి చెపితే, "ఇగ సాక్షులకు కరువు లేదు," అన్నారు.

మొన్న శుక్రవారం తెరిచినారు. లోపల ఆమె చెప్పినట్టే తెల్లగింజలు; పేగులు, గడ్డ అంతటా ఒకదానికొకటి అతుక్కొని ఉన్నవట. చూపుకు ఏ ముద్దాయో తెలియలేదు. ముక్క తీసి, ఏమీ తొలగించకుండా మూసివేసినారు. ఫలితానికి పది రోజులు. వదిన కులాసాగానే ఉన్నది. నేను ఉండలేకపోతున్నాను. వాదించటానికి ఎదుటిపక్షం లేని పది రోజులు నాకు అలవాటు లేదు.

నర్మద


హనుమకొండ
5 ఆగస్టు 1953

నర్మదా,

నీవు తప్పింది నేను అడిగిన మాట. నీవు నిలిపింది నా చెల్లెలిని. తీర్పు చెప్పినాను, అప్పీలు లేదు.

నీ జాబు చదివి, ఆ ప్రమాణం విన్న నాలుగేండ్ల తరువాత మా నాయన మీద నవ్వు వచ్చింది. ఎదురెదురుగా కూర్చొని, తాంబూలాలు చేతపట్టుకొని, ఎవరి అబద్ధానికి వారు భయపడుతూ ఆ ఇద్దరు పెద్దలు. ఎవరో ఒకరు ముందు దగ్గి ఉంటే ఎంత సుఖంగా ఉండేది.

పది రోజుల్లో నాలుగు గడిచినవి. పిల్లలకు భిన్నాలు చెపుతూ రెండుసార్లు తప్పు చేసినాను, వాళ్ళు దిద్దినారు. సౌభాగ్యకు చెప్పు: ఏది తేలినా వచ్చే వారం శనివారం రైలు ఎక్కుతున్నాను.

ప్రభావతి


నాంపల్లి
11 ఆగస్టు 1953

పెద్దవదినా,

క్షయ.

ఇంత భయంకరమైన పదాన్ని ఇంత సంతోషంగా మా సందులో ఎవరూ పలికి ఉండరు. డాక్టరు గారు కాగితం చదువుతుంటే అన్నయ్య అర్థం కాక, "క్షయనా? అయ్యో," అన్నాడు. అమ్మ అతని భుజం మీద ఒక్కటి వేసి, "అయ్యో ఏందిరా, దేవునికి దండం పెట్టు," అన్నది. దవాఖాన వరండాలో ఉన్నవాళ్ళందరూ మావైపు చూసినారు, ఈ ఇంటివాళ్ళకు మతి పోయిందని. ముక్కలో క్షయ గుర్తులు స్పష్టంగా ఉన్నవి, కాన్సరు లేదు.

డాక్టరు గారు నాతో అన్నారు: "నీ పక్షం గెలిచింది. కాని ఒకటి యాదుంచుకో, నువ్వు మాటలతోని గెలువలె." ఒప్పుకున్నాను. ఆ రోజు వదిన నోటికి అడ్డుపడి నేను చెప్పిన 'లేదు' అన్న మాట ఆమె కడుపును దాదాపు అమ్మివేసింది. దాన్ని మళ్ళీ కొనుక్కున్నది మీ 'రెండేండ్లు' అన్న ఒక్క పదం.

ఇంకొకటి దాచను, ఈ రెండిండ్లలో దాపరికం కోటా అయిపోయింది. పిల్లలు పుడతారని డాక్టరు హామీ ఇవ్వలేదు. క్షయ లోపలి నాళాలను మూసివేసి ఉండవచ్చునట. వదిన విన్నది. "పుట్టకపోతే పోనీ. నావి నాకు ఉన్నై," అన్నది. తరువాత ఆకలి అన్నది. మూడు నెలల తరువాత మొదటిసారి అన్నది. అన్నయ్య చెప్పులు కూడా సరిగా తొడుక్కోక ఆబిడ్స్ దాకా పోయి, తీపి, కారం, పండ్లు, ఏది తోస్తే అది తెచ్చినాడు. డాక్టరు గారు చూసి సగం తీసి పక్కన పెట్టినారు. మిగతా సగంలో సగం నేను తిన్నాను.

శనివారం స్టేషనుకు నేనే వస్తాను.

నర్మద


హనుమకొండ
19 ఆగస్టు 1953

మరదలా,

రైలు దిగి నేరుగా బడికి పోయినాను. మా పెద్ద పంతులమ్మ ఆలస్యానికి కారణం అడిగింది. "చెల్లెలికి క్షయ అని తేలింది. మా అమ్మకు గూడ అదే ఉండె, దానితోనే పోయింది," అని చెప్పినాను. పదిహేడేండ్లలో ఈ మాటను నోటితో పలకడం ఇదే మొదలు. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంటుందని చూసినాను. జరుపుకోలేదు. "ఎక్స్‌రే తీయించుకో, రేపు సెలవు తీసుకో," అని తన లెక్కల పుస్తకాలు కూడా నాకే దిద్దమని ఇచ్చింది. దయ ఒక చేత్తో, పని ఒక చేత్తో.

ఎక్స్‌రే తేటగా ఉన్నది. గినీపంది సంగతి తెలిస్తే రాయి. ఆ మూగజీవి మీద నాకు జాలిగా ఉన్నది, మన ఇంటి విషయం దానికి ఎందుకు?

మీ అమ్మగారు నాకు మూటకట్టి ఇచ్చిన పచ్చడి ఘాటుకు కండ్లనీళ్ళు తిరిగినవి. నేను ఏడుస్తున్నాననుకొని పక్కింటివాళ్ళు వచ్చి ఓదార్చినారు.

ప్రభావతి


నాంపల్లి
9 మార్చి 1954

పెద్దవదినకు,

గినీపంది తన సాక్ష్యం సెప్టెంబరులోనే ఇచ్చిందని, అదీ మన పక్షానేనని మీకు తెలుసు. సూదిమందుతో వదిన చెవుల్లో హోరు పుట్టిందనీ, డాక్టరు మోతాదు తగ్గించినారనీ తెలుసు. ఆ హోరు అమ్మ పనికి పిలిచినప్పుడు ఎక్కువై, అన్నయ్య సినిమాకు పిలిచినప్పుడు పూర్తిగా నయమవుతుందని మాత్రం మీకు ఎవరూ రాసి ఉండరు.

పోయిన వారం డాక్టరు గారు కడుపు మీద చేయి వేసి చాలాసేపు వెతికినారు. కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ ఎడమవైపు. "గడ్డ దొరుకుతలేదు," అన్నారు. మందు ఇంకా పది నెలలు ఆపకూడదని గట్టిగా చెప్పినారు. వదిన బరువు పద్నాలుగు పౌన్లు పెరిగింది. రవికెలన్నీ విప్పి కుట్టడం ఇప్పుడు నా ఉద్యోగం.

అసలు సంగతి నిన్నటిది. మా ఇంట్లో ఆచారం ఎట్లాంటిదో మీకు తెలుసు. నెలసరి వస్తే మూడు రోజులు వెనక వసారాలో వేరే చాప, వేరే కంచం, ఎవరూ తాకరాదు. ఆ నియమం మీద నేను అమ్మతో నాలుగేండ్లుగా వాదిస్తున్నాను. మనుధర్మం మొదలు ఆరోగ్యశాస్త్రం దాకా అన్నీ ప్రయోగించి, ప్రతిసారీ ఓడిపోయి, ప్రతినెలా ఆ చాప మీదనే కూర్చున్నాను.

నిన్న పొద్దున అమ్మ తలంటుకొని, మడి కట్టుకొని, దీపం కుందిలో నూనె పోస్తున్నది. వెనక వసారా నుండి వదిన గొంతు వినిపించింది.

"అత్తమ్మా."

"ఏందే?"

"నేను బయట చేరిన."

ఏడాది తరువాత. నూనెగిన్నె అమ్మ చేతిలో ఆగిపోయింది. దాన్ని కింద పెట్టి, వసారాలోకి పోయి, వదినను రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నది.

"అత్తమ్మా, మడి," అని వదిన వెనక్కి జరగబోయింది.

"మడి మళ్ళ కట్టుకుంట. నువ్వు జర ఊకో."

ఎంతసేపు అట్లాగే నిలబడినారో నేను చెప్పలేను. తరువాత అమ్మ కండ్లు తుడుచుకొని, రెండో స్నానానికి నీళ్ళు తోడమని నన్ను కేక వేసింది. నేను ఒక్క మాట అనకుండా పోయి తోడినాను. నీళ్ళు చల్లగా ఉన్నవని తిట్టింది. పొయ్యి రాజేసి మళ్ళీ కాచినాను.

మీ
నర్మద